పది రోజుల్లో మనిషి

పోయిన నెల ఒక అమ్మాయి కొత్తపేటలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో జువాలజీ చెప్పడానికి కొత్తగా చేరిందట. చేతిలో అరడజను బత్తాయిలు, సంచిలో కొత్త డైరీ. కూర్చోగానే అడిగిన మొదటి ప్రశ్న సిలబస్ గురించి కాదు.

"సార్, మీ క్లాసులో ఐదు గంటలు ఒక్కరు కూడా లేచేవారు కాదట కదా! అంతమందిని అలా ఎలా కూర్చోబెట్టేవారు సార్?"

ఒకప్పుడు ఆ మాట కోసం చెవి కోసుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం కాఫీ ఇప్పించి, బోర్డు మీద చేతిరాత బాగుండాలనీ గొంతు కాపాడుకోవాలనీ ఏవో నాలుగు ముక్కలు చెప్పి పంపేశాను. ఆ అమ్మాయి వాటిని బుద్ధిగా డైరీలో రాసుకుంది. 

ఆమె ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడ రాస్తున్నాను. మెడికల్ సీటు కోసం కూర్చునే పిల్లల ముందు చాక్‌పీస్ పట్టుకుని నిలబడబోయే అందరికీ ఇదే జవాబు. నేను తెప్పించిన ర్యాంకులు ఇందులో ఉండవు. అవి ఫ్లెక్సీల మీద ఉండేవి, ఫ్లెక్సీలు ఎప్పుడో చినిగిపోయాయి. ఇది రూతు అనే పదిహేడేళ్ల పిల్ల ప్రాణానికి సంబంధించిన సంగతి. పేర్లు మాత్రం మార్చాను.

ప్లాస్టిక్ మనిషి

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఎమ్మెస్సీ జువాలజీ అయ్యాక డిగ్రీ కాలేజీలో ఉద్యోగం దొరక్క, ఏదో ఒక ఏడాది అనుకుని దిల్‌సుఖ్‌నగర్ వచ్చాను. మెట్రో స్తంభాలు లేని రోడ్డు మీద నడిచి చేరిన వాణ్ణి, మెట్రో ఎక్కి రిటైరయ్యాను. మధ్యలో జరిగిందంతా ఒకే హాల్లో జరిగింది.

నాకిచ్చిన పరికరం ఒక్కటే, నడుము దాకా ఉండే ప్లాస్టిక్ మనిషి. పొట్ట మీది మూత తీస్తే లోపలి అవయవాలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి చూపించవచ్చు. హాలుకి సున్నాలు వేసినప్పుడు కాలేయం ఎక్కడో పోయింది. కొత్తది తెప్పించమని అడిగి అడిగి విసుగొచ్చి, ఇటుకరంగు స్పాంజి ముక్కని కోసి అక్కడ ఇరికించాను. ఒక పిల్ల లేచి "సార్, కాలేయంతో గిన్నెలు తోమొచ్చా?" అంటే హాలంతా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. నా క్లాసులో నవ్వులకి ఎప్పుడూ లోటుండేది కాదు, అది గుర్తుపెట్టుకోండి.

మా డైరెక్టర్‌గారు మొదటి వారమే నన్ను గదిలోకి పిలిచి ఉద్యోగం అంటే ఏమిటో చెప్పేశారు. "ఏవండీ, గుండె ఎందుకు కొట్టుకుంటుందో మనకనవసరం. నాలుగు ఆప్షన్లలో ఏ మూడు కావో చెప్పండి, చాలు. డాక్టర్లని తయారు చేసేది కాలేజీ వాళ్లు. మనం గేటు దాకా దింపుతాం, అంతే."

ఆయన చెడ్డవాడని నేను అనను. చెప్పింది నిజమే, అదే మా పని. మేం శరీరాన్ని ప్రశ్నల లెక్కన కోసేవాళ్లం. ఎక్కువ ప్రశ్నలొచ్చే అవయవం పెద్దది, తక్కువొచ్చేది చిన్నది. చర్మం మీద దాదాపు ఏమీ అడగరు కాబట్టి మేం చెప్పే మనిషికి చర్మం ఉండేది కాదు. ఇన్నేళ్లలో లక్షసార్లు మూత్రపిండం బొమ్మ వేసి ఉంటాను. నిజం మూత్రపిండాన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు.

తలుపు

వేసవిలో పరీక్షకు ముందు నాదొక ప్రత్యేక కోర్సు నడిచేది. దాని పేరే "పది రోజుల్లో మనిషి". రోజుకో వ్యవస్థ. మొదటి రోజు జీర్ణ వ్యవస్థ, రెండో రోజు శ్వాస, మూడో రోజు గుండె, రక్తం, నాలుగో రోజు రోగనిరోధక శక్తి, ఐదో రోజు విసర్జక వ్యవస్థ, ఆరో రోజు ఎముకలు, కండరాలు, ఏడో రోజు మెదడు, నరాలు, ఎనిమిదో రోజు కన్ను, చెవి, తొమ్మిదో రోజు గ్రంథులు, పదో రోజు ప్రత్యుత్పత్తి. పొద్దున ఎనిమిదికి తలుపు వేస్తే మళ్లీ మధ్యాహ్నం ఒంటిగంటకే తీయడం. మధ్యలో విరామం లేదు. విరామం ఇస్తే పిల్లలు చెదిరిపోతారని, మళ్లీ కుదురుకోవడానికి అరగంట పోతుందని నా సిద్ధాంతం.

పళ్ల మార్కెట్ ఇంకా గడ్డిఅన్నారంలోనే ఉన్న రోజులవి. మామిడిపళ్ల లారీలతో రోడ్డంతా బిగుసుకుపోయేది. ఎల్బీనగర్ వైపు నుంచి షేర్ ఆటోల్లో వచ్చే పిల్లలు ఎనిమిదికి లోపలుండాలంటే ఆరున్నరకే ఇల్లు వదలాలి. బెంచీకి ఆరుగురు. మధ్యలో వాళ్లు బయటికి వెళ్లాలంటే ఇద్దరిని లేపాలి, రెండువందల మంది తలలు తిప్పి చూస్తారు, పైగా స్టేజీ మీద నేనుంటాను.

నాకు నోటి దురద ఎక్కువ. ఎవరైనా లేస్తే తిట్టేవాణ్ణి కాదు, ఒక జోకు వేసేవాణ్ణి. అంతే, పిల్లలు ఆ జోకుల్ని పాఠంతో పాటు నోట్స్‌లో రాసుకునేవారు, చుట్టూ డబ్బా గీసి మరీ. ఆ డబ్బాలు చూసి నేను మురిసిపోయేవాణ్ణి. ఒకసారి జోకు పడ్డాక ఆ బ్యాచ్‌లో రెండోవాడు లేచేవాడు కాదు. అమ్మా, నువ్వడిగిన కిటుకు ఇదే.

బోటనీ చెప్పే పద్మావతి మేడం ఒక్కరే ఒకసారి అడిగారు. "ఏవండీ సార్, మీ క్లాసు వదిలాక ఆడపిల్లల బాత్‌రూమ్ దగ్గర లైను ఎప్పుడైనా చూశారా? మెట్ల దాకా ఉంటుంది."

"అంత శ్రద్ధగా వింటున్నారన్నమాట," అన్నాను.

"శ్రద్ధ కాదండీ, భయం. చాలామంది అసలు నీళ్లే తాగడం లేదు."

ఆవిడ క్లాసులో పిల్లలు ఆవలిస్తారు కాబట్టి కుళ్లుకుంటున్నారనుకున్నాను. ఎంత సిగ్గుమాలిన ఆలోచనో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

మొదటి రోజు

రూతు వాళ్లది నల్గొండ వైపు ఊరు. తండ్రి లేడు. తల్లి దీనమ్మ ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. ఆసుపత్రి వెనక బస్తీలో ఒక్క గది, అందులో తల్లీకూతుళ్లిద్దరు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి నాకు తెలిసింది మూడో బెంచీ మధ్యలో కూర్చునే, రెండు జడల, చకచకా రాసే పిల్ల అని మాత్రమే.

మొదటి రోజు పదిన్నర అయి ఉంటుంది. నా చేతిలో ప్లాస్టిక్ చిన్నపేగు ఉంది. ఆ పిల్ల లేచి నిలబడింది.

"సార్, జర బయటికి పోయొస్త సార్."

నేను పేగు పట్టుకుని తాపీగా ఆ బెంచీ దాకా నడిచాను. "ఏమ్మా, విసర్జక వ్యవస్థ ఐదో రోజు కదా? అప్పుడే ప్రాక్టికల్స్ మొదలెట్టేశావా?"

హాలు దద్దరిల్లింది. వెనక బెంచీల్లో మగపిల్లలు బల్లలు చరిచారు. ఆ పిల్ల ముఖం కందిపోయింది. "వెళ్లు తల్లీ, వెళ్లిరా," అన్నాను కూడా. కానీ ఆమె వెళ్లలేదు. తల దించుకుని కూర్చుండిపోయింది. నేను వెళ్లమన్నానుగా అని తర్వాత చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ రోజు నుంచి ఆమె లేవలేదు. ఎవరూ లేవలేదు. బ్యాచ్ భలే కుదిరిందని డైరెక్టర్‌గారితో చెప్పాను.

ఐదో రోజు

ఐదో రోజు నా ఆట ఒకటుండేది. రెండు చేతుల్లో రెండు చాక్‌పీసులు పట్టుకుని, రెండు మూత్రపిండాల్నీ ఒకేసారి బోర్డు మీద వేసేవాణ్ణి. కుడిది ఎడమదానికన్నా కాస్త కిందకి, సరిగ్గా శరీరంలో ఉన్నట్టే. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆ రోజూ కొట్టారు.

తర్వాత ఒక ప్రశ్న వేశాను. "చలితో వణికించే జ్వరం. నడుము పక్కన పోటు. వాంతులు. మూత్రంలో మంట. ఏమిటి?"

మూడో బెంచీ నుంచి గొంతు వినిపించింది. "మూత్రపిండానికి ఇన్‌ఫెక్షన్ సార్. పైలోనెఫ్రైటిస్."

"శభాష్ రా తల్లీ!" అన్నాను. అప్పుడే చూశాను, బయట మే నెల ఎండ పేలిపోతుంటే ఆ పిల్ల చున్నీని తల చుట్టూ, భుజాల చుట్టూ బిగించి కప్పుకుని ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పెన్ను పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. అన్నీ చూశాను. చూసి, "ఏసీ ఎక్కువైనట్టుంది, కాస్త తగ్గించండయ్యా," అని కేకేసి బోర్డు వైపు తిరిగాను.

నిమిషం క్రితం నేనే వరసపెట్టి చెప్పిన లక్షణాలవి. నా ముందు కూర్చుని ఉన్నాయి. నేను తగ్గించింది ఏసీని.

క్లాసు వదిలాక అందరూ మెట్ల వైపు పరిగెత్తారు. ఆ పిల్ల మెల్లగా, నడుము మీద చెయ్యి వేసుకుని నా దగ్గరికి వచ్చింది.

"సార్, గా ఇన్‌ఫెక్షన్ ఎన్ని దినాలకు ఎక్కువైతది సార్? అంటే... ఎప్పటిదాంక ఆగొచ్చు?"

నేను ప్లాస్టిక్ మనిషిలో మూత్రపిండాలు బిగిస్తున్నాను. తలెత్తకుండానే చెప్పాను.

"అది పరీక్షలో అడగరమ్మా."

"సరే సార్," అని వెళ్లిపోయింది.

నా ఉద్యోగ జీవితంలో నేను చెప్పిన మాటలన్నీ ఒక పక్క, ఆ మూడు మాటలు ఒక పక్క. అబద్ధం కూడా కాదది. నిజంగానే అడగరు.

ఎల్బీనగర్

ఆరో రోజు మూడో బెంచీలో ఖాళీ ఉంది. ఏడో రోజూ ఉంది. ఏడో రోజు క్లాసయ్యాక పద్మావతి మేడం స్టాఫ్ రూమ్‌లో నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. రూతు తల్లి ఆఫీసుకి ఫోన్ చేసిందట. బిడ్డ దవాఖానలో ఉంది, ఆరో రోజు పాఠం ఎవరైనా రాసిపెడతారా అని అడుగుతోంది అని.

"తెల్లారుజామున ఐసీయూలో పెట్టారట. కిడ్నీల ఇన్‌ఫెక్షన్ అట," అన్నారు మేడం. నీళ్ల సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

సాయంత్రం నాలుగింటికి ఆ ఆసుపత్రికి, దీనమ్మ పనిచేసే చోటికే, వెళ్లాను. ఐసీయూ బయట డ్యూటీ డాక్టరమ్మ నన్ను చూడగానే గుర్తుపట్టింది. శిరీష, చాలా ఏళ్ల కిందటి నా స్టూడెంట్. నమస్కారం పెట్టి పక్కకి తీసుకెళ్లింది.

"ఎడమవైపు మూత్రనాళంలో రాయి అడ్డం పడింది సార్. దాని వెనక చీము పట్టి, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి వెళ్లిపోయింది. లోపలికి గొట్టం వేసి చీము తీశారు. కానీ బీపీ నిలబడటం లేదు. మూత్రం రావడం ఆగిపోయింది. ఊపిరితిత్తులు కూడా దెబ్బతింటున్నాయి."

"నీళ్లు తాగకపోవడం వల్లా? ఆపుకోవడం వల్లా?" అని అడిగాను. 

"అదొక్కటే కారణమని చెప్పలేం సార్. రాయి ముందు నుంచే ఉండి ఉంటుంది. ఏడాదంతా క్లాసులే కదా, నీళ్లు సరిగ్గా తాగి ఉండదు. మూడో రోజు నుంచే జ్వరమట. ఎండదెబ్బ అనుకుని మాత్రలు వేశారు. ఒక్క రెండు రోజులు ముందు తీసుకొచ్చుంటే..."

రెండు రోజుల ముందంటే ఐదో రోజు. ఎప్పటిదాకా ఆగొచ్చని ఆ పిల్ల నన్ను అడిగిన రోజు.

శిరీష నేల చూస్తూ అంది. "మేమూ అంతే సార్. మీ పది రోజులూ నేను పొద్దున్నుంచి నీళ్లు ముట్టేదాన్ని కాదు. మీరంటే మాకు చాలా ఇష్టం సార్. కానీ లేవాలంటే చచ్చే భయం." ఆమె నన్ను ఎత్తిపొడవడానికి అనలేదు. పాత సంగతేదో గుర్తొచ్చి చెప్పినట్టే చెప్పింది.

దీనమ్మ ఐసీయూ బయట గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. ఆయా బట్టలే ఒంటి మీద ఉన్నాయి. నన్ను చూసి లేవబోయింది. నేనూ పక్కన కూలబడ్డాను.

"నా బిడ్డ కండ్లు తెరిస్తే ఆరో దినం పాఠం ఏమైందని అడుగుతుంది సార్," అంది. "మంచిగైతది గద సార్? మీరు అన్ని చదివినోళ్లు. మీకు ఎరుకుంటది."

నాకేమీ తెలియదు. నాకు తెలిసిందల్లా నాలుగు ఆప్షన్లలో ఏది కాదో. అయినా "మంచిగవుతుందమ్మా" అన్నాను.

ఎనిమిదో రోజు వెళ్లేసరికి వెంటిలేటర్ పెట్టారు. గాజు తలుపులోంచి చూశాను. నేను పది రోజులకు పదిగా విడదీసి చెప్పేవన్నీ ఆ మంచం మీద ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. మూత్రపిండం ఆగితే ఊపిరితిత్తి, ఊపిరితిత్తి జారితే గుండె, గుండె తడబడితే మెదడు. ఐదో రోజు పాఠం తర్వాత రెండో రోజుది, తర్వాత మూడోది, తర్వాత ఏడోది. జీవితమంతా నేను చెప్పింది పుస్తకం అచ్చువేయడానికి వీలుగా చేసుకున్న విభజన మాత్రమేనని నాకక్కడ అర్థమైంది.

తొమ్మిదో రోజు గ్రంథుల పాఠం. భయం వేసినప్పుడు అడ్రినలిన్ ఏం చేస్తుందో చెబుతున్నాను. జేబులో ఫోన్ కదిలింది. శిరీష పంపిన మెసేజ్, ఒకే వాక్యం. రూతు వెళ్లిపోయింది.

చదివాను. ఫోన్ జేబులో పెట్టాను. పాఠం కొనసాగించాను. పరీక్ష దగ్గర్లో ఉంది, పిల్లలు బెదిరిపోతారని డైరెక్టర్‌గారు చెబుతారని నాకు ముందే తెలుసు, ఆయన చెప్పే అవసరం కూడా రాలేదు. ఒంటిగంట దాకా చెప్పాను. అడ్రినలిన్ మీద ఒక జోకు ఉండేది. అలవాటు కొద్దీ అదీ వచ్చేసింది. పిల్లలు నవ్వారు.

పదో రోజు కోర్సు ముగిశాక ప్లాస్టిక్ మనిషిని మధ్యలో నిలబెట్టి ఫొటో దిగడం మా ఆనవాయితీ. దిగాం. ఆ ఫొటో నా దగ్గర ఇప్పటికీ ఉంది. అందులో నేను నవ్వుతూనే ఉన్నాను.

నోట్‌బుక్

సమాధి అయిన వారానికి దీనమ్మ సెంటర్‌కి వచ్చింది. కొంగులో చుట్టిన నోట్‌బుక్ తీసి నా బల్ల మీద పెట్టింది.

"నాకు చదువు రాదు సార్. బిడ్డ మీరు చెప్పింది ఒక్క అక్షరం ఇడ్వకుంట రాసుకునేది. జర చదివి వినిపియ్యున్రి. మొదటి దినంది."

మొదటి రోజు పేజీ తీశాను. పైన జీర్ణ వ్యవస్థ అని అందంగా రాసి, కింద గీత గీసింది. నోరు, గొంతు, ఆహారవాహిక, జీర్ణాశయం. అంచున ఒక డబ్బా. డబ్బాలో నా జోకు, నేనన్నది అన్నట్టే, ఒక్క అక్షరం పొల్లు పోకుండా. ఇంకొకరిని అన్నట్టే రాసుకుంది.

డబ్బా కింద పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. "అమ్మ చెప్పింది: పది దినాలే గద, పొద్దుగాల నీళ్లు తాగకు, ఓర్సుకో."

నేను నోరు, గొంతు, ఆహారవాహిక, జీర్ణాశయం చదివాను. చిన్నపేగు, పెద్దపేగు చదివాను. అంచు వదిలేశాను. దీనమ్మ నా వేలి వంకే చూస్తూ చివరిదాకా విన్నది.

"గంతేనా సార్?"

"అంతేనమ్మా."

నోట్‌బుక్ మళ్లీ కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. నన్ను కాపాడుకోవడానికి చదవలేదో, ఆమెను కాపాడటానికి చదవలేదో ఆ రోజు నాకే తెలియదు. ఎక్కువపాళ్లు నన్నే అనుకుంటాను.

ఆ తర్వాత

మరుసటి ఏడాది నుంచి గంటకోసారి తలుపు తీయించాను. ఎవరూ అడగక్కర్లేకుండా నేనే చెప్పేవాణ్ణి, వెళ్లేవాళ్లు వెళ్లండి, నీళ్లు తాగేవాళ్లు తాగండి, పది నిమిషాలు నేను బయట నిలబడతాను అని. ఎవరు లేచారో చూడకూడదు కాబట్టి నిజంగానే బయటికి వెళ్లిపోయేవాణ్ణి. "ఏంటండీ, మీ క్లాసు సంతలా తయారైంది," అన్నారు డైరెక్టర్‌గారు. సంతే అన్నాను. రెండేళ్లలో నా పెద్ద బ్యాచులు తీసి వేరేవాళ్లకిచ్చారు. ర్యాంకులు తగ్గాయా అంటే, తగ్గినట్టు నాకెవరూ చూపించలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకు నా మాట ఇది. పాఠం తప్పు చెబితే రేపు దిద్దుకోవచ్చు, నేను ఎన్నో దిద్దుకున్నాను. పిల్లని చూసి నవ్వించిన నవ్వుని దిద్దలేం. మే నెలలో చున్నీ కప్పుకున్న పిల్ల కనిపిస్తే పాఠం ఆపండి. సిలబస్‌లో లేని ప్రశ్న ఎవరైనా అడిగితే చేతిలో పని పక్కన పెట్టి వాళ్ల ముఖం చూడండి. అంతకన్నా నాకు చెప్పడం రాదు.

సంచి

రిటైరయ్యాక నాకు ప్రోస్టేట్ గ్రంథి వాపు వచ్చింది. ఐదు గంటలు పిల్లల్ని కదలనివ్వని వాణ్ణి, అరగంటకోసారి పరిగెత్తాల్సి వచ్చింది. కర్మ అంటే ఇదేరా అని నవ్వుకున్నాను. ఆపరేషన్ ఎల్బీనగర్‌లో అదే ఆసుపత్రిలో అయింది. మా ఇంటికి దగ్గరని మావాళ్లు అక్కడే చేర్చారు.

రెండో రోజు మధ్యాహ్నం, మంచానికి వేలాడే మూత్రం సంచి ఖాళీ చేయడానికి ఒక ఆయా వచ్చింది. జుట్టు సగం నెరిసింది. వంగి సంచిని వెలుతురుకి పట్టి రంగు చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

"జువాలజీ సార్ గద?"

దీనమ్మ. నాకు దుప్పటి ముఖం మీదకి లాక్కోవాలనిపించింది.

"మంచిగున్నరా సార్?" అంది. సంచి కిందున్న మూత తిప్పి జగ్గులోకి వదిలింది. అది నిండుతుండగా, నా వైపు చూడకుండా మళ్లీ అంది. "గా దినం నోట్‌బుక్ చదివిన్రు. అంచుకు ఒక డబ్బ గీసి ఉండె. గది చదవలే మీరు."

ఇన్నేళ్లూ ఎదురుచూసిన మాటే అది. దాచడానికి నాలో ఏమీ మిగల్లేదు. "చదవలేదమ్మా," అన్నాను. "అందులో నేను రూతుని అన్న మాట ఉంది. బయటికి పోతానని లేస్తే, అందరి ముందూ వెటకారం చేశాను. హాలంతా నవ్వింది. ఆ రోజు నుంచే లేవలేదు ఆ పిల్ల. ఐదో రోజు నన్ను అడిగింది కూడా. నేను పట్టించుకోలేదు. నీ బిడ్డని నేనే..."

 ఏడ్చేశాను, ముసలివాణ్ణి, ఆ మంచం మీద, ఆ గొట్టంతో.

దీనమ్మ జగ్గు కింద పెట్టింది. "మీరన్నది నాకు ఎరుకే సార్. గా దినమే ఇంటికొచ్చి చెప్పింది, ఏడ్సుకుంట."

"మరి ఎందుకమ్మా నాతో చదివించావు?"

ఆమె చేతి తొడుగులు తీసి గుప్పిట్లో నలిపింది.

"నేనొక మాట చెప్పిన బిడ్డకు. పది దినాలే గద, పొద్దుగాల నీళ్లు తాగకు, ఓర్సుకో అని. నేను సార్, గీ సంచులు దినాం పారబోసేదాన్ని. నీళ్లు తక్కువైతే ఏ రంగొస్తదో, ఏమైతదో నాకు ఎరుక లేదా? అయినా చెప్పిన. సార్‌కు కోపమొస్తది, చదువు పాడైతదని చెప్పిన." నా దుప్పటి అంచు సర్దింది. "నేనేం చెప్పినా బిడ్డ రాసుకునేది. గది గూడ రాసిందేమోనని గా దినం మీతోటి చదివిపిచ్చిన. మీరు చదవలే. ఇంకొకల్లతోటి చదివిపిచ్చుకునే ధైర్నం లేకపాయె. బైబిల్ కాడ పెట్టిన, గట్లనే ఉంది. చెప్పున్రి సార్. నా మాట రాసిందా?"

పెన్సిల్ అక్షరాలు నా కళ్ల ముందే ఉన్నాయి. ఏ పేజీలో, ఏ మూలనో కూడా.

"లేదమ్మా," అన్నాను. "నేనన్న మాట ఒక్కటే ఉంది."

"నిజంగనా సార్?"

"నిజంగానే. ఇంకేం లేదు."

ఆమె నన్ను చూసింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. కొంగుతో ముఖం తుడుచుకుని, వంగి జగ్గు మీది గీతలు చూసింది.

"మూడొందల ఎమ్మెలే వచ్చింది. నీళ్లు బాగ తాగున్రి సార్," అని, జగ్గు పట్టుకుని పక్క మంచానికి వెళ్లింది.

దీనమ్మకి చదువు రాదు కాబట్టే ఇదంతా రాయగలిగాను. ఆ నోట్‌బుక్ ఇంకా ఆమె ఇంట్లోనే ఉంది. ఇది చదివే పిల్లలూ ఉంటారు, మీలో ఎవరైనా రేపు డాక్టరై, నర్సై ఆమెతో కలిసి పనిచేయవచ్చు. ఎప్పుడైనా ఆమె దాన్ని తెచ్చి మీ ముందు పెట్టి చదివి వినిపించమంటే, మొదటి రోజు పేజీలో డబ్బా వరకు చదవండి. కింద పెన్సిల్‌తో రాసింది వదిలేయండి.